కంచె దాకా వినపడే బాకా

"నీ బాకా వల్ల నా శవాలు లేవలేదయ్యా!" అంటూ బెర్నిస్ హాఫ్‌మన్ ఆ ఇత్తడి బాకాని వెండెల్ ష్రాక్ బల్ల మీద ఠంగుమని పడేసింది.

డేరాలో కూర్చుని డోలు తాళ్ళు బిగిస్తున్న వెండెల్ తల కూడా ఎత్తలేదు.

"మెల్లగా, బెర్నిస్ గారూ. సొట్ట పడితే మీదే పూచీ."

"సొట్టా? నిన్న యుద్ధం అయ్యాక దీంతోనే ఆఖరి పిలుపు ఊదించాను. అది చెవిన పడితేనేగా చచ్చినవాళ్ళంతా లేచి జనానికి టోపీలు తీసేది? దగ్గరున్న వాళ్ళు లేచారు. ఆ కంచె వార చచ్చినవాళ్ళు మాత్రం చచ్చినట్టే పడున్నారు. ఒకడైతే గురక! చూడ్డానికొచ్చిన పిల్లలు వాడి మీద పేలాలు విసిరారు. పరువు పోయింది."

పెన్సిల్వేనియాలోని ఆ పచ్చిక బయలులో ఏటా వేషాలు కట్టి నాటకంలా ఆడే అమెరికా ఉత్తరాది, దక్షిణాదివాళ్ళ పాత యుద్ధానికి బెర్నిస్ పెత్తందారు. కోటుకి ఏ గుండీ ఉండాలో, ఎవడు ఎక్కడ చావాలో, ఏ డేరాలో ఏం అమ్మాలో అంతా ఆవిడ నోటి మాటే. ఆవిడ ఊ అంటే డేరా, ఊహూ అంటే రోడ్డు. ఆవిడ వద్దన్నవాణ్ణి పక్క రాష్ట్రాల యుద్ధాలవాళ్ళూ రానివ్వరు. వాళ్ళంతా ఒకటే. ఆ కాలపు డోళ్ళూ బాకాలూ అచ్చం అలాగే చేసి అమ్మడం తప్ప వెండెల్‌కి వేరే బతుకు లేదు.

అయినా అతని గొంతులో జంకు లేదు.

"తప్పు బాకాది కాదు, మూతిది. మీరు పెట్టుకున్నవాడు బ్యాంకు గుమాస్తా. వాడి ఊపిరి కాఫీ చల్లార్చుకోడానికే చాలదు."

"కబుర్లొద్దు. నీ సరుకు కంచె దాకా పలకదు, అంతే. ఈ పూటే డేరా పీకి సర్దుకో. ఇక ఏ యుద్ధంలోనూ నీ మొహం కనపడకూడదు."

వెండెల్ లేచాడు. డోలు పక్కన పెట్టి, బాకా అందుకుని, ముందు సొట్ట పడిందేమోనని వేలితో తడిమి చూసుకున్నాడు. పడలేదు.

"ఇలా బయటికి రండి."

నేల జీరాడే కుచ్చుల గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని బెర్నిస్ అతని వెనకే విసవిసా నడిచింది. డేరాల వరస దాటగానే వాలు, వాలు కింద బయలు. ఇవాళ్టి యుద్ధం మంచి ఊపు మీదుంది. ఫిరంగులు ఢమఢమలాడుతున్నాయి. తెల్లటి పొగ. నీలం కోట్లవాళ్ళూ బూడిదరంగు కోట్లవాళ్ళూ ఎక్కడికక్కడ కూలిపోయి ఉన్నారు. ఆ చివర కంచె వార పడ్డవాళ్ళు జులై ఎండలో, ఉన్ని కోట్లలో మెత్తగా ఉడుకుతున్నారు.

"ఇంత మోతలో ఆ కంచె దాకా వినిపిస్తే?" అన్నాడు వెండెల్.

"వినిపిస్తే నీ డేరా ఉంటుంది. వచ్చే ఏడు కూడా నీదే. వినపడకపోతే నీ డోళ్ళు నెత్తికెత్తుకుని పో."

"ఏం ఊదమంటారు?"

"నిన్న వినపడనిదే ఊదు. అదే పిలుపు, ఒక్క స్వరం మార్చకుండా. నీ బడాయి ఏపాటిదో తేలిపోతుంది."

వెండెల్ పెదాలు తుడుచుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, బాకా ఎత్తి ఊదాడు. నింపాదిగా, ఎక్కడా తొట్రుపడకుండా, ఆఖరి స్వరాన్ని సాగదీసి వదిలాడు. ఫిరంగి మోతని చీల్చుకుంటూ ఆ కూత బయలంతా పాకింది.

కంచె దగ్గర ఒకడు తల ఎత్తాడు. మోచేతుల మీద లేచాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు. వాడి పక్కవాడూ లేచాడు. తర్వాత వరసకి వరస.

"చూశారా! ఒక్కడు కూడా మిగల్లేదు. ఇప్పుడనండి, నా సరుకుని!"

బెర్నిస్ కళ్ళు విప్పార్చుకుని చూస్తోంది. ఎంత కోపమున్నా ఆవిడ మాట తప్పే మనిషి కాదు.

"ఒప్పుకున్నానయ్యా. డేరా నీదే. వచ్చే ఏడూ..."

మాట అక్కడే ఆగిపోయింది. కాలు తెగిపడ్డవాడు నిమ్మరసం బండి వైపు పరిగెత్తుతున్నాడు. బతికున్నవాళ్ళు తుపాకులు దించేసి శత్రువులతో చేతులు కలుపుతున్నారు. ఫిరంగులవాళ్ళు చెవుల్లో దూది పీకేశారు. జనం చప్పట్లు కొట్టి, మడత కుర్చీలు చంకన పెట్టుకుని కార్ల వైపు కదిలారు. బయలు నడుమ గుర్రం మీద, గెలుపు దెబ్బ కొట్టడానికి కత్తి ఎత్తిన జనరల్ ఒక్కడే మిగిలాడు. ఎదురుగా కొట్టడానికి ఎవడూ లేడు.

"వెండెల్," అంది బెర్నిస్ నీరసంగా, "యుద్ధం ఇంకా సగమేగా అయింది."

జనరల్ అప్పటికే గుర్రాన్ని వాలు మీదికి దౌడు తీయించాడు. వారమంతా జనం పళ్ళు పీకే డాక్టరు, ఈ యుద్ధాలన్నిటికీ డబ్బు పెట్టేది కూడా అతనే. ఈ ఒక్క గెలుపు కోసం ఏడాదంతా కాచుకుంటాడు.

"ఎవడు ఊదింది?" అని గర్జించాడు. "ఈ డేరాల వైపు నుంచే వచ్చింది! ఊదినవాణ్ణీ, ఊదమన్నవాళ్ళనీ ఈ జన్మలో మళ్ళీ ఏ యుద్ధం గడపా తొక్కనివ్వను! ఏయ్, నీ చేతిలో అదేంటి? అదేనా?"

కత్తి మొన బాకా మీదికి వచ్చింది. వెండెల్ తన డేరా వైపు ఒకసారి, బెర్నిస్ వైపు ఒకసారి చూశాడు. ఊదమన్న ఆవిడ మెల్లగా అతని వీపు చాటుకి జరుగుతోంది. అతను గొంతు సవరించుకుని, ఛాతీ విరుచుకుని, జన్మలో ఎన్నడూ అనని మాట ఏమాత్రం తడబడకుండా అన్నాడు.

"ఇదా, జనరల్ గారూ? ఇది ఆ కంచె దాకా వినపడే సరుకే కాదు. కావాలంటే ఈవిణ్ణే అడగండి."

"నిన్నట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా!" అంది బెర్నిస్.