ఎడమ రెక్క, కుడి రెక్క

“ఫారంలో నీ పేరే రాసేశాను బావా!” అంది భార్య, ఇసకలో పరుగెత్తుకుంటూ వచ్చి.

“ఏ ఫారం?”

“ఇవాళ సెలెక్టయితే టీంతోపాటు ఎనిమిది నెలలు పోటీలకి తిరగాలి కదా. తోడుగా ఇంట్లోవాళ్ళు ఒకరు రావచ్చట. నువ్వు వస్తున్నావు, అంతే. కళ్ళజోళ్ళ షాపు మూసేస్తావో, ఎవరికైనా అప్పజెప్తావో నీ ఇష్టం.”

అతను ఆమెనీ, ఇసకలో పెట్టిన ఆమె సర్ఫ్ బోర్డునీ మార్చి మార్చి చూశాడు.

“అలా చూస్తావేంటి? నిన్ను వదిలేసి ఎనిమిది నెలలు ఉంటాననుకున్నావా? బోర్డు చూస్తుండు, నంబరు చొక్కా వేసుకొస్తాను.” ఆమె గుడారంలోకి పరుగెత్తింది.

సరిగ్గా అలాగే అనుకున్నాడు మహానుభావుడు. అందుకే తెల్లవారుతూనే, ఇంట్లో అందరూ బయల్దేరే హడావుడిలో ఉండగా, అలల మీద నిలబడి స్వారీ చేసే ఆ బోర్డు తిరగేసి ఓ ఘనకార్యం చేశాడు.

బోర్డు అడుగున, తోకవైపు, మూడు రెక్కలుంటాయి. మధ్యది బోర్డుని నిలకడగా ఉంచుతుంది. పక్క రెండూ మలుపులో నీళ్ళని పట్టుకుంటాయి. చూడ్డానికి ఆ రెండూ కవలపిల్లలే గానీ, ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు. ఈ సంగతి అతనికి చెప్పింది బోర్డులు తయారుచేసే మామగారే. ఒకసారి కాదు, భోజనానికి కూర్చున్న ప్రతిసారీ చెప్పారు.

“బయటివైపు ఉబ్బుగా, లోపలివైపు చదునుగా ఉండాలి అల్లుడూ! ఎడమదీ కుడిదీ తారుమారు చేశామా, ఇక అంతే. పట్టుకోవాల్సిన చోట జారుతుంది, జారాల్సిన చోట లాగుతుంది. ఎంత మొనగాడైనా మలుపులో బోల్తా కొట్టాల్సిందే.”

అల్లుడు తారుమారు చేశాడు. ఓడిపోతే ఇంటిపట్టున ఉంటుందని ఆశ. రోజంతా కళ్ళజోళ్ళకి మరలు బిగించే చెయ్యి కదా, రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

ఇప్పుడు ఆ చేత్తోనే నెత్తి కొట్టుకున్నాడు. ఛీ, నేనూ ఒక మనిషినేనా! నాలుగేళ్ళుగా ఆమె చలిలో, వానలో, జ్వరంలో కూడా ఈ రోజు కోసమే నీళ్ళలో దిగింది. ఆమెని ముంచడానికి మొగుడే దొరికాడా?

అటూ ఇటూ చూశాడు. మామగారు జడ్జీల బల్ల దగ్గర అలల గురించి ఎవరితోనో వాదిస్తున్నారు. పోటీకి ఇంక పట్టుమని పది నిమిషాలు లేవు. మరలు విప్పే కీ ఏది? ప్యాంటు జేబులో లేదు. చొక్కా జేబులో లేదు. సంచీ బోర్లించాడు. తువ్వాలు, బోర్డుకి రాసే మైనం ముక్క, నీళ్ళ సీసా, అన్నిటికిందా కీ.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడం అయింది కాబట్టి, కడగడానికి బోర్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కంగారులో మర ఒకటి ఇసకలో పడింది. గుప్పెళ్ళతో ఇసక జల్లించి జల్లించి ఎలాగో పట్టుకున్నాడు. ఎడమవైపుది ఊడదీసి కుడివైపు, కుడివైపుది ఊడదీసి ఎడమవైపు. తొందరగా, తొందరగా! చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

“ఏం చేస్తున్నావు?” వెనక భార్య.

“మరలు... వదులయ్యాయేమోనని చూస్తున్నా.”

“నా బంగారు బావ!” బుగ్గ గిల్లి, బోర్డు చంకన పెట్టుకుని ఆమె నీళ్ళలోకి ఉరికింది.

హారన్ మోగింది. ఇరవై నిమిషాల పోటీ, ఒక్కటే అవకాశం. మధ్యలో ఒడ్డుకొస్తే అవుటే.

అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మామగారు వచ్చి భుజం మీద చెయ్యేశారు.

“గెలుస్తుంది మామయ్యా! కావాలంటే రాసిస్తాను.”

“గెలవకేం! ఇందాక నువ్వు బండి పెట్టి వచ్చేలోపు బోర్డు ఒకసారి తడిమి చూశాను. పక్క రెక్కలు రెండూ తారుమారుగా ఉన్నాయి. హడావుడిలో అమ్మాయే అలా బిగించి ఉంటుంది. నువ్వేం బెంగపెట్టుకోకు అల్లుడూ, అప్పుడే నేను సరిచేసేశాను.”