పడవ మీద పేరు

"కొత్త పడవకి నీ పేరే రాస్తన్నానమ్మా!" అన్నాడు లక్ష్ముడు.

"నానింకా సావనేదురా!" అంటూ అమ్మడు కొడుకు చేతిలోని కుంచె లాక్కుంది. ఆ పేటలో పడవలకు పోయినవాళ్ళ పేర్లే పెడతారు.

పక్కనే రసాయనశాస్త్రం చదువుతున్న మనవరాలు హేమ నవ్వింది. "మామ్మా, మూలకాలకీ సైంటిస్టుల పేర్లెడతారు. క్యూరియం, బోరియం పోయినోళ్ళ పేర్లే. సీబోర్గియం మాత్రం ఆ సైంటిస్టు బతికుండగానే ఎట్టేసినారు."

"అయ్యో! ఆయనకేటీ అవనేదా?"

"ఏటవుతాది? తన పేరు తనే సదూకుని మురిసిపోయినాడు."

లక్ష్ముడు కుంచె కోసం చెయ్యి చాపాడు. అమ్మడు ఇవ్వలేదు.

"ఆయనకి సదువొచ్చు, సదూకున్నాడు. మరి నాకో?"

కుంచెను రంగులో ముంచింది.

"ఒసే హేమా, నా పేరులో మొదటచ్చరం ఎలాగుంటాదో సూపించు."