సెగ తగలని తప్పెట

“అందరి తప్పెటలకూ సెగ చూపించినావు. నాది యాడ పెట్టినావప్పా?” అన్నాడు రాజప్ప.

మంట దగ్గర తప్పెట తోలు బిగిస్తున్న కొడుకు మాదేశ్ తలెత్తలేదు. ఇంకో అరగంటలో కెలమంగలం జాతరలో మేళం మొదలవుతుంది. నీ చెయ్యి నిదానమైపోయింది, ఈ ఏడు వాయించొద్దని తండ్రికి చెప్పే పని మేళంవాళ్ళు అతని మీదే పెట్టారు. పొద్దుటినుంచీ ఆ మాట వాయిదా వేస్తూ వస్తున్నాడు.

పక్కనే ఫోన్‌లో పాట మోగుతోంది.

“ఎవురిది?”

“యాభై ఏండ్లుగా వాయిస్తా ఉండే లాటిన్ రాక్ బ్యాండు, నాయనా. ఈ ఆల్బమ్‌ను ఎవురూ పట్టించుకోలేదు. ముసిలోళ్ళైపోయినారు, వేగం తగ్గిందన్నారు.” మాట మార్చే వీలు దొరికేసరికి మాదేశ్‌కు హుషారొచ్చింది. “వాళ్ళకు వినేది తెలీదు. ఆ డ్రమ్ములాయప్ప దెబ్బకీ దెబ్బకీ నడాన ఎంత చోటు ఇడుస్తాడో చూడు. గిటారు పలికేది ఆ చోట్లోనే. వయసులో ఉండంగా ఆయప్పకే అది చేతకాలేదు.”

రాజప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. మోకాలి మీద అతని వేళ్ళు నిదానంగా, ఒక్క దెబ్బా తప్పకుండా ఆ డ్రమ్ముతో కలిసి పడుతున్నాయి.

మాదేశ్ ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

“ఏమో చెప్పల్లని ఉండావే, ఏందప్పా?”

“ఏం లేదు నాయనా.”

గోనెపట్టా కింద దాచిన తండ్రి తప్పెట తీసి, మంటకు పట్టాడు.