రాణి ముద్ర

పీజీ పరీక్ష కోసం అక్షిత పైకే చదువుతోంది. "ఎనిమిది వందల ఏళ్ల కిందట, పరాయి దేశం నుంచి కోడలిగా వచ్చినా, హంగరీ రాణికి సొంత ముద్ర ఉండేది. అది పడనిదే ఆమె భూముల మీద ఏ ఆజ్ఞా చెల్లేది కాదు."

టమాటాలు తరుగుతున్న రుక్మిణి తలెత్తింది. "ఆ ముద్ర ఎవలి దగ్గర ఉంటుండె బిడ్డా?"

"ఆమె దగ్గర్నే అమ్మా. నీ స్టాంపు లెక్క బాపు అంగీ జేబుల కాదు."

రుక్మిణి ఊరి సర్పంచి. పంచాయతీ ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చునేది మాత్రం ఆమె భర్త.

ఆయన అప్పుడే పాలకుర్తి మండలాఫీసు నుంచి వచ్చి కాగితాలు మంచం మీదికి విసిరాడు. "మల్ల వాపసు పంపిండ్రు! నీ సంతకం కలుస్తలేదట. మూడు నెలల్నుంచి గిదే లొల్లి. జర సక్కగ పెట్టరాదూ?"

"పెడ్తనే ఉన్న గదా" అంటూ రుక్మిణి చేతులు తుడుచుకుని, ఆయన వేలు చూపిన చోటల్లా సంతకం పెట్టింది. అవి ఏం కాగితాలని అడగనైనా లేదు. ఆయన టపటపా స్టాంపులు కొట్టుకుని వెళ్లిపోయాడు.

అక్షితకు ఒళ్లు మండిపోయింది. "పది ఫస్టుక్లాసుల పాసైనవు. ఒక్క సంతకం సక్కగ పెట్టరాదా? ఇజ్జత్ పోతుందే అమ్మా!"

రుక్మిణి కూతురి పెన్ను తీసుకుని, నోటుబుక్కు చివరి పేజీలో ఒకదాని కింద ఒకటి ఐదు సంతకాలు చేసింది. ఐదూ అచ్చు గుద్దినట్టున్నాయి.

"కుర్చీల నన్ను కూసోనిచ్చిననాడు గిది పెడ్త" అని మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది.