పసుపు పూల బీరువా

“అమ్మా, ఆ లెన్సు ఒకసారి ఇస్తారా?”

చామంతమ్మ తలెత్తి చూసింది. ఎనభై దాటిన ముసలాయన. చేతిలో సంచీ, కళ్లకు సీసా అడుగంత మందం అద్దాలు.

ఆమె అసలు పేరు అది కాదు. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అంటించి భద్రపరిచే ఆ ఆఫీసులో చామంతి కుటుంబం బీరువాలన్నీ పదిహేనేళ్లుగా ఆమె చేతిలోనే ఉన్నాయి. అందుకని అందరూ అలా పిలుస్తారు.

లెన్సు ఇచ్చింది కానీ మనసొప్పి ఇవ్వలేదు.

సెలవులో ఉన్న డైరెక్టరుగారు పొద్దున్నే ఫోన్ చేశారు. “ఒక పెద్దమనిషి వస్తారు. పసుపు పూల బీరువా చూపించు. ఏమీ అడగొద్దు.”

ఏమీ అడగొద్దట!

ఆమె ప్రాణమంతా ఆ బీరువాలోనే ఉంది.

ముప్పై ఏళ్ల కిందట రిటైరై వెళ్లిపోయిన ‘పెద్దాయన’ పేర్లు పెట్టిన మొక్కలవి. ఆయన ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేదో కూడా అక్కడ ఎవరికీ తెలియదు. అయినా ఆయన పేరెత్తితే చాలు, అందరూ చేతులు కట్టుకుంటారు.

ఆ మొక్కల్లో ముప్పై ఎనిమిదింటికి ఆయన పెట్టిన పేరు తప్పని చామంతమ్మ కనిపెట్టింది.

పైకి చూస్తే రెండు జాతులూ కవలలే. అదే పసుపు, అవే రేకులు, తుంచితే అవే పాలు. తేడా అంతా గింజ మీది తెల్లటి కుచ్చులో ఉంది. ఒకదానిది ఉత్త వెంట్రుక. రెండోదానిది పక్షి ఈకలా పాయలు చీలిన వెంట్రుక. ఓపిగ్గా లెన్సు పెట్టి చూస్తే తప్ప తెలియదు.

ఆమె చూసింది. పెద్దాయన రాసిన పేరు చీటీల పక్కనే సరైన పేరుతో తన చీటీలు అంటించింది. పాత చీటీ పీకకూడదు, దిద్దేవాళ్లు పక్కన కొత్తది అంటించాలి. అక్కడి పద్ధతి అది.

“పెద్దాయనకే తప్పు పడతావా?” అన్నారు ఆఫీసులో.

ఆమె రాసిన కేటలాగు రెండేళ్లుగా అచ్చుకు వెళ్లకుండా డైరెక్టరుగారి బల్ల మీదే పడుంది. మొహమైనా చూడని ఆ మనిషి పేరు వింటే చాలు, ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు ఈ ముసలాయన ఒకడు దిగాడు.

మూడో రోజు పక్క గదిలోంచి నాచు మేడమ్ వచ్చింది. నాచు మొక్కల పని ఆవిడది. పదిహేనేళ్లలో ఒక్కనాడూ చామంతమ్మను ఒక్క మొక్క పేరు అడిగిన పాపాన పోలేదు. అలాంటిది, గోడ పక్కన పీకిన పసుపు పూల మొక్కను తిన్నగా తీసుకెళ్లి ముసలాయన ముందు పెట్టింది.

“ఇదేంటండీ?”

ఆయన పువ్వును బోర్లా తిప్పి, వేలితో తడిమాడు.

“మొహం చూస్తే మోసపోతాం తల్లీ. ఇది ఒక పువ్వు కాదు, వంద పూల కాపురం. అడుగున ఈ ఆకుపచ్చ పొలుసులు చూడు. బయటి వరస కిందికి వంగింది. కాడ బోలుగా ఉంది, దాని మీద ఒక్క ఆకూ లేదు. ఇక తిరుగులేదు.” పేరు చెప్పాడు.

“అబ్బ, ఎంత విడమరిచి చెప్పారండీ!”

ఆ సంగతులన్నీ చామంతమ్మకూ తెలుసు. అడిగితేగా చెప్పడానికి!

అంతకన్నా మంట పెట్టే పని ఇంకోటి చేస్తున్నాడాయన. మొక్క అంటించిన ఒక్కో అట్టా గంటసేపు చూసి, చిన్న చీటీ రాసి కవర్లో వేసుకుంటున్నాడు. అన్నీ ఆమె దిద్దిన అట్టలే.

“ఏం రాస్తున్నారు?”

“అయిపోయాక మీకే ఇస్తానమ్మా.”

ఆ గదిలో ఒప్పుకున్నవాళ్లెవరూ చీటీ రాయరు. చూసి, తలూపి వెళ్లిపోతారు. కాదనేవాళ్లే రాస్తారు. తన పేర్లన్నీ కొట్టేస్తున్నాడని ఆమెకు అర్థమైపోయింది. పెద్దాయన ఒక్కడు చాలడా, మళ్లీ ఈయనొకడా?

ఐదో రోజు వాకిట్లోనే ఆపేసింది.

“ఇవాళ్టి నుంచి పురుగుల మందు పెడుతున్నాం. పది రోజులు గది మూత.”

అబద్ధం. మందు పోయిన నెలే పెట్టారు.

“పది రోజులా?” ముసలాయన గోడ పట్టుకున్నాడు. “ముప్పై ఒకటి అయ్యాయి. ఇంకో ఏడే. ఈ ఒక్కరోజు చూడనివ్వమ్మా. నా కళ్లు అంతదాకా ఆగవు.”

“రూల్సు రూల్సేనండీ.”

ఆయన కవరు ఆమె చేతిలో పెట్టి, మెట్లు తడుముకుంటూ దిగిపోయాడు.

చదివితే ఇంకా మండుతుందని ఆమె ఆ కవరును సొరుగులోకి విసిరేసింది. ఆ రోజు అన్నం హాయిగా తింది.

పది రోజులకు డైరెక్టరుగారు వచ్చారు.

“ఆయన పని పూర్తయిందా?”

“పూర్తవలేదండీ. గదికి మందు పెట్టాలని పంపించేశాను.”

డైరెక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. “నిన్న మాట్లాడాను. చూపు పూర్తిగా పోయిందట. ఆయన చిరునామా ఈమధ్యే దొరికితే నీ కేటలాగు పంపాను. అది చదివించుకుని, కళ్లు ఉండగానే చూస్తానని రాత్రంతా రైల్లో వచ్చారమ్మా. పేరు చెప్పొద్దన్నారు. చెబితే నువ్వు మొహమాటానికి నీ దిద్దుబాట్లు దాచేస్తావట.”

చామంతమ్మ తన బల్ల దగ్గరికి పరుగెత్తింది. సొరుగు లాగి కవరు చింపింది.

‘గింజ కుచ్చు నేను చూడలేదు. ఈమె చూసింది. ఈమె పెట్టిన పేరే సరైనది.’

ముప్పై ఒక్క చీటీల్లోనూ అదే మాట ఉంది, ప్రతిదాని కిందా పెద్దాయన సంతకం ఉంది.