చచ్చిన దూడ తోలు

చచ్చిన దూడ తోలు ఒలిచి, తల్లి లేని మరో దూడ వీపున కట్టాడు జీతగాడు ఎమిలియో. కొట్టం బయట మోంటానా మంచుగాలి ఊళ పెడుతోంది. దూడను పోగొట్టుకున్న ఆవు వాసన చూసింది. తన బిడ్డే అనుకుని పాలిచ్చింది.

"నాలుగు రోజులాగి తోలు తీసెయ్, లైల్," అంది యజమానురాలు మార్జ్.

"మీ అబ్బాయి లైల్ మంచులో పోయి ఏడాదైందమ్మా. నేను ఎమిలియోని."

"తెలుసులేవయ్యా, నోరు జారింది."

"మీవాడి కోటు నాకు తొడిగినప్పటినుంచీ రోజూ జారుతోంది. నా తోలెప్పుడు తీస్తారు?"

కోటు విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

మార్జ్ దాని కాలరును ముక్కుకు ఆనించుకుంది. ఎంత వెతికినా కొడుకు వాసన లేదు. అంతా ఎమిలియో చెమటే.

కోటును తిరిగి అతని భుజాల మీద కప్పింది.

"వేసుకో ఎమిలియో. చలి."