రెండు నల్ల తీగలు

“ఒక్క ముక్క అర్థం కావట్లేదురా తమ్ముడూ! నెమ్మదిగా చెప్పు!”

ఆపరేటరమ్మ మైకు మీదికి వంగిపోయి అరిచింది. జవాబుగా స్పీకర్లోంచి వచ్చింది మనిషి గొంతు కాదు. నీళ్లలో బాతు గింజుకుంటున్నట్టు ఏదో గరగర. ఆ కంగారు మాత్రం తమ్ముడిదే. ఎగువ ఆనకట్ట కాపలా వాడిది. గాలివానకు ఫోన్లన్నీ చచ్చాయి. ఇక మిగిలింది ఈ రేడియో ఒక్కటే.

“మునిగిపోతున్నాడు తాతా! అరగంట నుంచి ఇదే అరుపు!”

“సైరన్ మోగించావా?” అన్నాడు టంకం తాత. రేడియోలు బాగుచేసే ఆ ముసలాయన్ని ఊరంతా అలాగే పిలుస్తుంది.

“ఎప్పుడో మోగించా.”

కిటికీలోంచి చూసింది. మూడు కూతలు వినబడితే పడవలున్న ప్రతివాడూ రేవుకు రావాలని ఊరి కట్టుబాటు. ఒక్కడూ ఇంట్లో ఆగలేదు. మోకాలి లోతు నీళ్లలో పడవలు దించుతున్నారు. అందరికంటే ముందు, భుజాన తాడుచుట్టతో, ఆమె మొగుడు.

తాత కొత్త రిసీవర్ వెనక తల దూర్చాడు. “దీన్ని పొద్దున బిగించిందెవరు?”

“నేనే. వాడు రోజూ దొరికే అంకె దగ్గర చప్పుడే లేదు. డయల్ తిప్పగా తిప్పగా ఇంకోచోట దొరికాడు.”

“ఈ రెండు నల్ల తీగలకీ గుర్తు పెట్టుకున్నావా?”

“రెండూ ఒకేలా ఉన్నాయిగా. ఏది ఎక్కడైతేనేం అని...”

“చంపావు కదే తల్లీ! రెండూ మోసేది ఒకే సిగ్నల్. కాకపోతే ఒకటి పావు అలంత వెనకగా వస్తుంది. ఏది ముందో, ఏది వెనకో చూసుకుని ఈ పెట్టె గొంతును పోల్చుకుంటుంది. తారుమారు చేస్తే అంతా అద్దంలో చూసినట్టే. కీచు బొంగురవుతుంది, బొంగురు కీచవుతుంది. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. తలకిందులు చేసింది నువ్వు!”

తీగలు పీకింది. ఒకసారి జారాయి. తిట్టుకుంటూ మార్చి గుచ్చింది. డయల్‌ని పాత అంకెకు తిప్పింది.

గొంతు పక్క గదిలోంచి పిలిచినంత స్పష్టంగా వచ్చింది.

“అక్కా, మేం కొండెక్కేశాం, మాకేం కాలేదు! ఆనకట్ట తెగింది, నీళ్లు మీ మీదికే వస్తున్నాయి, రేవులో ఒక్కణ్ణి కూడా ఉండనీయకు!”